విదేశీ స్థావరంలో అమరుడైన సైనికుడికి సంస్మరణ: అక్కడ జరిగేది ఏమిటి, ఇంటి దగ్గర చేయవలసింది ఏమిటి

గుంటూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి అన్నయ్య ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళంలో భాగంగా దక్షిణ సూడాన్‌లో పనిచేస్తూ విధి నిర్వహణలో చనిపోయాడు. వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. అక్కడి మన దళం స్థావరంలో సంస్మరణ జరుపుతామని, ఒక ఫోటో, కొన్ని మాటలు పంపమని అడిగింది. నిరుడు అక్కడ జరిగిన కార్యక్రమం వీడియోను ఇన్నాళ్లకు అమ్మకు చూపిస్తే, తుపాకులు తలకిందులుగా ఎందుకు పట్టుకున్నారు, బిడ్డ ఫోటో ముందు బూట్లతో ఎందుకు నిలబడ్డారు అని ఆమె అడిగింది. అదే రోజు ఇక్కడ కూడా ఏదైనా చేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఊళ్లోవాళ్లు విగ్రహం పెట్టి, జాతీయ జెండా కప్పి ఆవిష్కరిద్దామంటున్నారు. ఏది పద్ధతి, ఏది కాదు?

అమ్మా, ముందుగా మీ అన్నయ్యకు నా సెల్యూట్, మీ అమ్మగారికి నా నమస్కారం. నేను పదాతి దళంలో సుబేదారుగా రిటైరై విజయవాడలో స్థిరపడ్డాను. కాంగోలోని గోమాలో మన బ్రిగేడ్‌తో ఉన్న కాలంలో ఇలాంటి కార్యక్రమాలకు గార్డును, అంటే వందన దళాన్ని, తయారు చేసే బాధ్యత నాది. ఇక్కడికి వచ్చాక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొన్ని కుటుంబాలకు ఇదే పనిలో తోడుగా వెళ్లాను. మీ అమ్మగారి ప్రశ్నలతోనే మొదలు పెడతాను. చాలామంది తల్లుల మనసులో ఉండి, ఎవరిని అడగాలో తెలియక మిగిలిపోయే ప్రశ్నలు అవి.

తుపాకిని అలా పట్టుకోవడానికి డ్రిల్లులో ‘శోక్ శస్త్ర’ అని ఆజ్ఞ ఇస్తారు. దానికి ముందు ‘సలామీ శస్త్ర’ ఉంటుంది. మొదట ఆయుధం ఎత్తి వందనం చేస్తారు. తరువాత అదే ఆయుధాన్ని నెమ్మదిగా తిప్పి, గొట్టాన్ని నేలవైపు దించి, పైకి వచ్చిన మడమ, అంటే తుపాకి వెనుక కొస, మీద రెండు చేతులూ ఉంచి, తల వంచి నిలబడతారు. యూరప్ సైన్యాల్లో కొన్ని శతాబ్దాల కిందట మొదలై మనకు వచ్చిన ఆచారం ఇది. డ్రిల్లు మైదానంలో అడుగు పెట్టిన రోజు నుంచి సైనికుడికి నేర్పేది ఒకటే: గడ్డం పైకి, చూపు ఎదురుగా. వాడు తల దించవలసిన ఆజ్ఞ ఇదొక్కటే. మీ అన్నయ్య కోసం వాళ్లు ఆయుధాన్ని పక్కన పెట్టలేదు, ఆయుధంతో సహా తల వంచారు. అమ్మగారికి ఈ మాట చెప్పండి.

వీడియోలో ఫోటో పక్కన నేలకు గుచ్చిన తుపాకి, దాని మీద నీలి హెల్మెట్ కూడా కనిపించి ఉంటాయి. యుద్ధభూమిలో సైనికుడు పడిపోయిన చోటును గుర్తించడానికి తోటివాళ్లు అలా గుచ్చేవారు. 1972లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర అమర్ జవాన్ జ్యోతి వెలిగించినప్పుడు పెట్టిన గుర్తు కూడా అదే. 2022లో దాన్ని జాతీయ యుద్ధ స్మారకానికి తరలించారు. నీలి రంగు ఐక్యరాజ్యసమితిది.

ఇక బూట్ల సంగతి. మన ఇళ్లలో దీపం ముందు, పటం ముందు చెప్పులు విప్పుతాం. సైనికుడికి యూనిఫాం పూర్తిగా ఉండటమే మర్యాద. తల మీద టోపీ లేదా పాగా, నడుముకు బెల్టు, కాళ్లకు మెరిసే బూట్లు, వీటిలో ఏది తక్కువైనా పెరేడుకు పనికిరాడు. టోపీ లేకుండా సెల్యూట్ కూడా చేయడు. అయితే అమ్మగారు చూసింది కార్యక్రమంలో సగమే. మన సైన్యం ఏ దేశంలో ఉన్నా స్థావరంలో ‘సర్వ ధర్మ స్థల్’ అని ఒక ప్రార్థన మందిరం ఉంటుంది. గుడి, గురుద్వారా, మసీదు, చర్చి అన్నీ ఒక కప్పు కిందే. ధర్మగురువు జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) హోదాలో యూనిఫాంలో ఉండే మనిషే. పెరేడుకు ముందో తరువాతో అక్కడ ప్రార్థన జరుగుతుంది. అక్కడికి వెళ్లేటప్పుడు అందరూ బూట్లు విప్పుతారు. కమాండింగ్ ఆఫీసరు కూడా నేల మీదే కూర్చుంటాడు. దాన్ని సాధారణంగా ఎవరూ వీడియో తీయరు.

అసలు కార్యక్రమం ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. వీడియోలో రెండు నిమిషాల్లో అయిపోయినట్టు ఉంటుంది కానీ దాని వెనుక ముందు రోజంతా పని ఉంటుంది.

పుష్పచక్రాలు బజారు నుంచి రావు. ఆ ఊళ్లలో మన విజయవాడలోలా పూల దుకాణాలు ఉండవు. జవాన్లే సన్నని ఇనుప కడ్డీని గుండ్రంగా వంచి, గోనెపట్టా చుట్టి, స్థావరం కంచె వెంట పెరిగే ఆకులు, కాగితపు పూలు కోసుకొచ్చి దారంతో కడతారు. గోమా నేలంతా నైరాగోంగో అగ్నిపర్వతం నుంచి పారిన లావా గడ్డకట్టిన నల్లరాయి. మా స్మారక దిమ్మె చుట్టూ ఆ రాళ్లే పేర్చి సున్నం వేశాం. వాన పడితే సున్నం కరిగిపోయేది. అందుకని కార్యక్రమం రోజు తెల్లవారకముందే మళ్లీ వేసేవాళ్లు. రాజస్థాన్ నుంచి వచ్చిన, నాయక్ ర్యాంకులో ఉన్న ఒక సైనికుడు ప్రతి రాయినీ చేత్తో తుడిచి మరీ సున్నం పూయడం నాకు గుర్తుంది. అతనికి ఆ పని ఎవరూ చెప్పలేదు. చనిపోయినవాడు అతని సెక్షన్ వాడూ కాదు.

ఉదయం వందన దళం నిలబడుతుంది. దక్షిణ సూడాన్‌లో అయితే రువాండా, నేపాల్, బంగ్లాదేశ్, ఇథియోపియా, మంగోలియా, ఘనా వంటి దేశాల దళాలు ఉన్నాయి. వాళ్ల ప్రతినిధులూ వస్తారు. ఒక్కో సైన్యం సెల్యూట్ ఒక్కో తీరుగా ఉంటుంది, పుష్పచక్రం ముందు మాత్రం అందరి నడకా ఒకటే, స్లో మార్చ్. పుష్పచక్రం పెట్టే అధికారి దాన్ని ఆనించి, రిబ్బను మీది అక్షరాలు ఎదుటివారికి కనిపించేలా సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి సెల్యూట్ చేస్తాడు. ఆ తరువాత బ్యూగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’. పూర్వం రాత్రి కాపలా స్థానాల తనిఖీ ముగిసింది, ఇక విశ్రమించవచ్చు అని శిబిరానికి తెలియజేసే పిలుపు అది. తరువాత రెండు నిమిషాల మౌనం. ఆ మౌనం ‘రౌజ్’తో ముగుస్తుంది, అది నిద్ర లేపే పిలుపు. మరణించినవాడికి విశ్రాంతి, బతికి ఉన్నవాడికి డ్యూటీ. నిరుడు జెండా సగానికి దిగి ఉండటం మీరు చూసే ఉంటారు. దానికీ పద్ధతి ఉంది. నేరుగా సగం వరకు ఎత్తి కట్టేయరు. ముందు కొసదాకా ఎగరేసి, క్షణం ఆగి, అప్పుడు సగానికి దించుతారు. సాయంత్రం దించేటప్పుడు కూడా మళ్లీ కొసకు తీసుకెళ్లాకే కిందికి దించుతారు. వర్ధంతి రోజున సాధారణంగా జెండా మామూలుగానే ఎగురుతుంది. ఈసారి వీడియోలో అలా కనిపిస్తే గౌరవం తగ్గించారని అనుకోవద్దు.

‘ఎక్కడో ఆఫ్రికాలో, వాడి ముఖం తెలియని వాళ్లు చేసే తంతు’ అని కొందరు బంధువులు అంటారు. నాకు చాలా బాధ కలిగించే మాట అది. దక్షిణ సూడాన్‌లో మన సైనికులు గతంలోనూ ప్రాణాలిచ్చారు. 2013 ఏప్రిల్ 9న జోంగ్లే రాష్ట్రంలో కాన్వాయ్ మీద దాడి జరిగి అయిదుగురు భారత సైనికులు చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో అకోబో స్థావరంలో తలదాచుకున్న పౌరుల కోసం వచ్చిన సాయుధ మూక దాడిలో మరో ఇద్దరు పోయారు. ఐక్యరాజ్యసమితి దళాల్లో ఇప్పటిదాకా దాదాపు 180 మంది భారతీయులు అమరులయ్యారు. ఏ దేశమూ ఇంతమందిని కోల్పోలేదు. కాంగోలో 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్ దగ్గర పదహారు మందితో, తమకంటే ఎన్నో రెట్లున్న శత్రువు మీదికి దూకిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర ఇచ్చారు. శాంతి దళంలో ఉంటూ ఆ పతకం పొందినవాడు ఆయన ఒక్కడే. మేము గోమాలో ఉన్నప్పుడు డిసెంబరు 5 వస్తే ఆయన పేరు తలవకుండా ఉండేవాళ్లం కాదు. మాలో ఎవరూ ఆయన్ని చూడలేదు. చూడనివాడి కోసం నిలబడటం సైన్యంలో రోజూ జరిగే పని.

ఇక్కడే మీరు తెలుసుకోవలసిన అసలు విషయం ఉంది. ఐక్యరాజ్యసమితి దళాల్లో మన బెటాలియన్లు సుమారు ఏడాదికొకసారి మారతాయి. మీ అన్నయ్యతో కలిసి భోజనం చేసినవాళ్లు, పక్క మంచం మీద పడుకున్నవాళ్లు ఈపాటికి ఇండియాకు తిరిగి వచ్చి ఉంటారు. ఇప్పుడు అక్కడున్నది బహుశా మరో రెజిమెంటు. వాళ్లు గౌరవంలో లోటు చేయరు. కానీ వాళ్ల దగ్గర ఉన్నది ఒక కాగితం మాత్రమే: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, తేదీ. ఆ కాగితంలో మనిషిని నింపవలసింది మీరు. ‘నాలుగు మాటలు పంపండి’ అన్నారంటే మర్యాద కోసం అన్నారని అనుకోవద్దు. నిజంగా వాళ్లకు ఆ మాటలు కావాలి. చదివి వినిపిస్తారు.

ముందుగా పేరు. మన ఆంధ్ర పేర్లు పరాయి నోళ్లలో ఎన్ని అవస్థలు పడతాయో నేను కళ్లారా చూశాను. ఇంటిపేరు ముందు వస్తుందని వాళ్లకు తెలియదు. పేరంతా పొడి అక్షరాలైపోయి చివర ‘రావు’ ఒక్కటే మిగులుతుంది. ఫ్రెంచి మాట్లాడే అధికారి దాన్ని ఇంకోలా పలుకుతాడు. మైకులో పేరు తప్పుగా వినబడితే తల్లి గుండె ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అందుకని పేరును తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయండి. ఏది ఇంటిపేరో, ఏ పేరుతో పిలవాలో చెప్పండి. మీ అమ్మగారు ఆ పేరును నెమ్మదిగా పలుకుతుండగా ఫోనులో రికార్డు చేసి ఆ ఆడియోను కూడా పంపండి. చదివే అధికారి దాన్ని విని సాధన చేసుకుంటాడు. ఇది నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను, చేసినవాళ్లంతా మంచి పని చేశామని అనుకున్నారు.

తరువాత ఆ నాలుగు మాటలు. దేశం కోసం ప్రాణాలర్పించిన వీరుడు, ధీరుడు అని మీరు రాయనక్కరలేదు. అది వాళ్లే చెబుతారు, మీకంటే బాగా చెబుతారు. మీకు మాత్రమే తెలిసినది రాయండి. సెలవు మీద రైలు దిగాక ముందు ఎక్కడికి వెళ్లేవాడు, ఫోన్ చేస్తే మొదట ఎవరిని అడిగేవాడు, చిన్నప్పుడు మిమ్మల్ని ఏమని ఏడిపించేవాడు, ఇంట్లో ఏ పని వాడు చేస్తే తప్ప కుదిరేది కాదు, ఇలాంటివి. మా దగ్గర ఒక కుటుంబం పంపిన ఉత్తరంలో ‘మా వాడికి పులిహోర ఇష్టం’ అని ఒక వాక్యం ఉంది. లంగరులో, అంటే సైనికుల వంటశాలలో, వంట చేసేది బిహార్ కుర్రాడు. పులిహోర అంటే ఏమిటో నన్ను అడిగాడు. గోమాలో చింతపండు దొరకలేదు. నిమ్మకాయలు పిండి, వేరుశనగపప్పు వేయించి, ఇంగువ లేకుండానే చేశాడు. మధ్యాహ్నం మన జవాన్లతో పాటు ఉరుగ్వే అధికారులు కూడా అదే తిన్నారు. ఆ ఉత్తరంలో మిగిలిన వాక్యాలు నాకు గుర్తు లేవు.

ఉత్తరం ఒక పేజీ మించకూడదు. తెలుగులో రాసి, హిందీ అనువాదం జత చేయండి. ఒక ప్రతి అక్కడి దళానికి, ఒక ప్రతి మీ అన్నయ్య సొంత యూనిట్‌కు పంపండి. రెండోది చాలామంది మరిచిపోతారు. అన్నయ్యను ఎరిగినవాళ్లు ఉన్నది ఆ యూనిట్‌లోనే. వాళ్లూ ఆ రోజున తలుచుకుంటారు. ఫోటో యూనిఫాంలో ఉన్నది ఒకటి, ఇంటి దగ్గర లుంగీతోనో పంచెతోనో నవ్వుతూ ఉన్నది ఒకటి పంపండి. మొదటిది దిమ్మె మీద పెడతారు. రెండోది ప్రార్థన మందిరంలో పెట్టమని అడగండి, కాదనరు.

అక్కడి మట్టి తెప్పించుకోవాలని కొందరికి ఉంటుంది. దయచేసి అడగకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ మట్టిని మన దేశంలోకి తీసుకురావడం నిషిద్ధం. మీ మీద అభిమానంతో ఏ జవానో సంచిలో వేసుకొస్తే విమానాశ్రయంలో ఇబ్బంది పడేది అతనే. దిమ్మె మీది పేరుకు దగ్గరగా తీసిన ఫోటో ఒకటి అడగండి, చాలు. ఇక్కడి నుంచి పంపాలనుకుంటే సెలవు ముగించుకుని వెళ్లే జవాను ద్వారా దుర్గమ్మ కుంకుమ చిన్న పొట్లం పంపవచ్చు. అలా వెళ్లినదాన్ని ధర్మగురువు భద్రంగా దేవుడి ముందు పెట్టడం నేను చూశాను. ఇంకో జాగ్రత్త. వాళ్లు పంపే వీడియోను ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. స్థావరం కంచె, గేటు, వాహనాలు ఎక్కడున్నాయో అందులో కనిపిస్తాయి. అక్కడ ఇంకొందరు తల్లుల బిడ్డలు కాపలా కాస్తున్నారు.

తేదీ, తిథి గొడవ మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. సైన్యం తేదీ చూస్తుంది. మన సంవత్సరీకం తిథిని బట్టి. రెండూ ఒకే రోజు రావు, పది పదకొండు రోజుల తేడా ఉంటుంది. మధ్యలో అధిక మాసం పడితే ఆ లెక్కా మారుతుంది. రెంటినీ కలపాలని చూడకండి. తిథి రోజున ఇంట్లో, పురోహితుడు చెప్పినట్టు, మీ కుటుంబాచారం ప్రకారం చేసుకోండి. తేదీ రోజున సైనికుడిగా గౌరవించండి. అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు వెనుక. వాళ్ల కార్యక్రమం ఉదయం 8 గంటలకైతే మనకు 11.30. ఖచ్చితమైన వేళ అడిగి తెలుసుకుని, మీరూ సరిగ్గా అప్పుడే మొదలు పెట్టండి.

ఇప్పుడు గుంటూరులో చేయవలసిన దాని గురించి. చిన్నగా చేయండి, సరిగ్గా చేయండి. నా మాట కటువుగా ఉన్నా చెబుతాను. మన దగ్గర ఇలాంటి కార్యక్రమాలు ఫ్లెక్సీల పాలవుతున్నాయి. అమరుడి బొమ్మ మూలన అరచేతంత ఉంటుంది, మిగిలినదంతా నాయకుల ముఖాలు. మీరు ముందే గట్టిగా చెప్పండి: ఒక్క ఫ్లెక్సీ, అందులో మా అన్నయ్య ఒక్కడే. ఉపన్యాసాలు వద్దు. ఎవరు వచ్చినా పూలు పెట్టి నమస్కరించి పక్కన నిలబడాలి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు చెబితే కాదనేవాళ్లు తక్కువ. చెప్పడానికి మీకు ఇబ్బందిగా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని అధికారి చేతనో, స్థానిక మాజీ సైనికుల సంఘం పెద్దల చేతనో చెప్పించండి.

మొదటి పుష్పచక్రం మీ వదినగారిది. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. భర్త పోయిన ఆడపడుచును మన ఇళ్లలో వెనక గదిలో కూర్చోబెట్టే అలవాటు ఇంకా పోలేదు. సైన్యం ఆమెను ‘వీరనారి’ అని పిలిచి ముందు వరసలో నిలబెడుతుంది. అక్కడి నుంచి ఉత్తరాలు, ఆహ్వానాలు వచ్చేది కూడా రికార్డుల్లో భార్యగా ఉన్న ఆమె పేరు మీదే. ఆమె తరువాత మీ అమ్మానాన్నలు, తరువాత పిల్లలు, ఆ తరువాతే కలెక్టరుగారైనా, ఎమ్మెల్యేగారైనా. అన్నయ్య పతకాలను ఆమె ధరించవచ్చు. సైనికుడు ఎడమ వైపు పెట్టుకుంటాడు, దివంగతుడి తరఫున కుటుంబ సభ్యులు కుడి వైపు పెట్టుకోవడం ఆనవాయితీ. ఆమెకు ఇష్టమైతేనే సుమా. కార్యక్రమం ఎలా ఉండాలి, అసలు ఉండాలా వద్దా అన్నది కూడా ముందు ఆమెను అడగండి.

బ్యూగిల్ కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోలీసు బ్యాండుకు గానీ, ఎన్‌సీసీ వారికి గానీ ముందుగా లేఖ ఇవ్వండి. దొరికితే చాలా మంచిది. దొరకకపోతే లాస్ట్ పోస్ట్ రికార్డును మంచి స్పీకరులో వినిపించండి, తప్పేమీ లేదు. స్పీకరును ముందు రోజే పరీక్షించుకోండి, మధ్యలో ఎవరి ఫోనో మోగకుండా చూసుకోండి. గాలిలోకి కాల్పులు అంత్యక్రియలప్పుడు మాత్రమే, వర్ధంతికి అడగకూడదు. వాటికి బదులుగా బాణసంచా కాల్చడం మరీ తప్పు, నేను ఒకచోట అది చూసి తట్టుకోలేకపోయాను.

జెండా గురించి జాగ్రత్తగా వినండి. అన్నయ్య శవపేటిక మీద కప్పి, తరువాత మడిచి మీ చేతికిచ్చిన జెండా మీ ఇంట్లో ఉంటుంది. కాషాయం తల వైపు ఉండేలా కప్పుతారు. చితితో పాటు దహనం చేయరు, సమాధిలోకి దించరు. 2002 జెండా నియమావళి చెప్పేది అదే. దాన్ని ఫోటోకు కప్పకండి, బల్ల మీద పరచకండి. మడిచినప్పుడు తెలుపు మీది అశోక చక్రం పైకి కనిపించాలి. కాషాయం, ఆకుపచ్చ అంచులు కొద్దిగా కనబడుతూ కిందికి మడవాలి. అలా మడిచి, అద్దం మూత ఉన్న చెక్కపెట్టెలో, ఎండ తగలని చోట పెట్టండి. మన వర్షాకాలపు తేమకు బట్ట ముక్కిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు తీసి శుభ్రమైన చేతులతో గాలికి ఆరనివ్వండి. ఇంటి మీద జెండా ఎగరవేయాలనుకుంటే మామూలుగా ఎగరవేయండి, సగానికి దించకండి. అవనతం చేయాలా వద్దా అన్నది ప్రభుత్వం నిర్ణయించే విషయం.

విగ్రహం మీద జెండా కప్పి ఆవిష్కరించడం కూడదు. స్మారకానికైనా, విగ్రహానికైనా జాతీయ జెండాను ముసుగుగా వాడరాదని నియమావళిలో స్పష్టంగా ఉంది. తెల్లని బట్టో, పసుపు బట్టో కప్పండి. ఊళ్లోవాళ్లు తెలియక, ప్రేమతోనే అంటున్నారు, కోప్పడకుండా నచ్చజెప్పండి. ఈ జెండాకు తొలి రూపం ఇచ్చిన పింగళి వెంకయ్యగారు మన కృష్ణా జిల్లా మనిషి. 1921లో గాంధీగారి చేతికి దాన్ని అందించింది బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లోనే. ఆ జెండాకు మర్యాద తప్పకుండా చూసుకోవడంలో మన ప్రాంతం ముందుండాలని నా పట్టుదల.

అసలు విగ్రహం కావాలా అని కూడా ఒకసారి ఆలోచించండి. రోడ్డు మీద, కాలిబాట మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలను ఆదేశించింది. సొంత స్థలంలో పెట్టినా ఏటా కడిగి రంగు వేసేవాళ్లు ఎవరు? ఆలనా పాలనా లేక, కాకి రెట్టలతో, విరిగిన వేలితో నిలబడిన సైనికుల విగ్రహాలు నేను కొన్ని ఊళ్లలో చూశాను. అన్నయ్య చదివిన బడిలో గోడకు ఒక నల్ల గ్రానైటు పలక పెట్టించండి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, పుట్టిన తేదీ, అమరుడైన తేదీ, చోటు, ఇంతే. గుంటూరు జిల్లాలో మంచి రాతిపని చేసేవాళ్లకు కొదవ లేదు. చెక్కేముందు కాగితం మీద రాసి వదినగారికి చూపించి అక్షరాలు సరిచూసుకోండి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఎప్పుడైనా వెళ్లిరండి. తరతరాలుగా సైన్యానికి బిడ్డలను ఇచ్చిన ఊరు అది. పోయినవాళ్ల జ్ఞాపకాన్ని ఒక ఊరు తన రోజువారీ బతుకులో ఎలా ఉంచుకుంటుందో అక్కడ తెలుస్తుంది.

రెండు విషయాలు మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మొదటిది డాగ్ హామర్‌షెల్డ్ పతకం. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉంటూ 1961 సెప్టెంబరులో కాంగో శాంతి ప్రయత్నాలకు వెళుతూ విమాన ప్రమాదంలో చనిపోయిన ఆయన పేరు మీద 1997లో దీన్ని నెలకొల్పారు. శాంతి దళంలో సేవ చేస్తూ ప్రాణం పోయినవారికి ఇస్తారు. తూటా తగిలి పోయారా, ప్రమాదంలో పోయారా, జబ్బు చేసి పోయారా అన్న తేడా చూడరు. గుడ్డు ఆకారంలో ఉండే స్వచ్ఛమైన స్ఫటికం అది, దాని మీద మీ అన్నయ్య పేరు, తేదీ చెక్కి ఉంటాయి. మే 29న అంతర్జాతీయ శాంతి పరిరక్షకుల దినం నాడు న్యూయార్క్‌లో మన దేశ ప్రతినిధికి అందజేస్తారు. అక్కడి నుంచి సైన్యం ద్వారా ఇంటికి వస్తుంది. రాకపోతే యూనిట్‌కు లేఖ రాసి అడగండి. అడగడం మీ హక్కు, మొహమాటం వద్దు.

రెండోది ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. శాంతి దళాల్లో అమరులైనవారికీ అందులో స్థానం ఉంది. త్యాగ చక్రం అనే వలయంలో గ్రానైటు గోడల మీద పేర్లు చెక్కి ఉంటాయి. ప్రతి సాయంత్రం ఒక అమరుడి కుటుంబాన్ని పిలిచి వాళ్ల చేత పుష్పచక్రం పెట్టిస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా గానీ, అన్నయ్య రెజిమెంటు రికార్డు కార్యాలయం ద్వారా గానీ మీ కుటుంబానికి ఆ అవకాశం అడగండి. అమ్మగారి ఆరోగ్యం ప్రయాణానికి సహకరిస్తే ఎండలు ముదరకముందే వెళ్లండి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు అయితే చలికి దుప్పట్లు పట్టుకెళ్లండి. దక్షిణ సూడాన్‌కు మీరు వెళ్లలేరు. అక్కడి స్థావరమైనా ఎల్లకాలం ఉండదు, మిషన్ ముగిసిన రోజున దళాలు వెనక్కి వస్తాయి. ఢిల్లీ గోడ మీది పేరు మాత్రం మీ పిల్లలూ, వాళ్ల పిల్లలూ వెళ్లి చూసుకోగలిగేది. అందుకని అక్కడ కూడా అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తప్పు ఉంటే ఫోటో తీసి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి.

నెల రోజులే ఉంది కాబట్టి పనులు ఈ వరసలో చేయండి: ఈ వారంలో వదినగారితో మాట్లాడటం, ఉత్తరం, ఫోటోలు, అమ్మగారి గొంతుతో పేరు రికార్డు. వచ్చే వారం సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి బ్యూగిల్ సంగతి. బడి పలక తొందరేమీ లేదు, వచ్చే ఏటికైనా పెట్టుకోవచ్చు. ఉత్తరం తెలుగులో రాసి నాకు పంపితే హిందీలోకి నేను మారుస్తాను. సైన్యంలో చదివి వినిపించే హిందీ ఎలా ఉండాలో నాకు తెలుసు. పేరు ఉచ్చారణ కూడా దేవనాగరిలో నేనే రాసిస్తాను. కార్యక్రమం రోజున మనిషి అవసరమైతే విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరం, నేను వస్తాను.